పెరటికి నిదానంగా నీళ్ళు

సభలోని పెద్దలకు, అమ్మలకు, పిల్లలకు నమస్కారం.

ఒడిశా గజపతి జిల్లాలోని మన పర్లాకిమిడి పాత వీధుల్లో ఇంటి వెనక ఎంతో కొంత పెరడు ఉంటుంది. ఒక నుయ్యి, ఒక కరివేపాకు చెట్టు, గోడ మీదికి పాకిన ఆనప పాదు. ఏప్రిల్ వచ్చేసరికి అందరిదీ ఒకటే టెన్షన్: మొక్కలు మాడిపోతున్నాయి, ఎన్ని బకెట్లు పోయాలి? బకెట్ల లెక్క పక్కన పెట్టమనే నేను చెబుతాను. నీళ్ళు ఎంత నిదానంగా దిగుతున్నాయి, దిగినవి ఎన్నాళ్ళు నిలుస్తున్నాయి, ఈ రెండూ చూసుకుంటే మే నెల కూడా గట్టెక్కుతుంది.

ఈ సంగతి మన ఒడియా ఇరుగుపొరుగు ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. ఒడియా వాళ్ళ కొత్త సంవత్సరం పణా సంక్రాంతి నాడు, అంటే ఏప్రిల్ 14 ప్రాంతంలో, తులసికోట మీద అడుగున సన్నటి చిల్లు పెట్టిన మట్టి ముంత వేలాడదీస్తారు. దాన్ని బసుంధరా ఠేకి అంటారు. ఆ ఎండల్లో తులసి మీద చుక్క చుక్కగా నీళ్ళు పడుతూనే ఉంటాయి. అది పూజే. కానీ అందులో సేద్యం కూడా ఉంది. గొట్టంతో కుమ్మరించిన నీళ్ళు పైమట్టిని తడిపి పక్కకి పారిపోతాయి, మిగిలింది ఎండకి ఆరిపోతుంది. చుక్కలుగా పడిన నీళ్ళు తిన్నగా వేరు దగ్గరికి దిగుతాయి.

తులసికి చేసే ఈ సేవ నిమ్మకి, కరివేపాకుకి, నిరుడు నాటిన మామిడి మొక్కకి కూడా చేయండి. మొక్కకి జానెడు దూరంలో ఒక మట్టి కుండ మెడ దాకా పాతి, నిండా నీళ్ళు పోసి మూత పెట్టండి. చుట్టూ మట్టి ఆరేకొద్దీ కుండ గోడల్లోంచి చెమ్మ ఊరుతుంది. వేళ్ళు వాటంతట అవే కుండ వైపు వస్తాయి. రంగు వేసిన కుండ పనికిరాదు, చెమ్మ బయటికి రాదు.

ఇక ఆకులు. పొద్దున్నే పెరడు ఊడ్చి ఆకుల కుప్పకి అగ్గి పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పనసాకు, మామిడాకు, జీడిమామిడాకు ఏదైనా సరే, పాదులో బెత్తెడు మందాన పరవండి. నేల చల్లగా ఉంటుంది, తడి ఆరదు, వానలకి కుళ్ళి ఎరువవుతుంది. మొదలుకి మాత్రం తగలనివ్వకండి, కాండం కుళ్ళుతుంది, చెద పడుతుంది. గుమ్మం దగ్గర కుప్ప పెట్టకండి. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళేవాళ్ళు టార్చి తీసుకెళ్ళండి, పాములు చల్లదనం వెతుక్కునే కాలం ఇది.

సాయంత్రం నీళ్ళు పోసే వేళ పెరడు చాలా బాగుంటుంది. ఆనప, పొట్ల, బీర మూడూ పొద్దు వాలాకే పూస్తాయి. గుమ్మడి పొద్దున్నే పూసి, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆనప పువ్వు తెల్లగా విచ్చుకునే వేళకి తేనెటీగలు గూటికి చేరిపోతాయి. ఆ పువ్వుల దగ్గరికి వచ్చేవి రాత్రి తిరిగే పురుగులు. వీధి మధ్యలో ఉన్న పెరట్లోకి అవి అంతగా రావు. అందుకే "పూలు బోలెడు, పిందెలు పండి రాలిపోతున్నాయి" అని అమ్మలు వాపోతుంటారు. పైగా ఎండలు ముదిరితే మగపూలే ఎక్కువ వస్తాయి. పువ్వు కింద బుల్లి కాయ ఉంటే అది ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగపువ్వు. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఈ పని పిల్లలకి అప్పగించండి. తన చేత్తో పట్టిన పిందె నాలుగు రోజుల్లో ఊరడం చూసిన పిల్లాడు సెలవులన్నీ ఆ పందిరి కిందే గడుపుతాడు. పొట్లకాయ కొసకి చిన్న రాయి కట్టి తిన్నగా సాగదీసే పని కూడా వాళ్ళదే.

కనకాంబరం మొక్కల మీద ఎండిన వెన్నులుంటే తెంపేయకండి. నీళ్ళు తగలగానే అవి టప్‌మని పగిలి గింజలు చిమ్ముతాయి. మల్లెమొగ్గలు మాత్రం చీకటి పడకముందే కోసుకోవాలి.

నీళ్ళ డ్రమ్ముల మీద మూత తప్పనిసరి. పిట్టలకి పెట్టే చిప్పలో నీళ్ళు రెండు రోజులకోసారి పారబోసి, తోమి, మళ్ళీ పోయండి. దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో కొత్త దోమ ఎగురుతుంది. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల వాళ్ళకి మలేరియా గురించి నేను చెప్పక్కర్లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లాలో ఎన్నో చెట్లను పడగొట్టింది. నీడ పోతే పెరడు ఎలా వేగిపోతుందో అప్పుడు తెలిసింది. ఉన్న చెట్లనైనా కాపాడుకోవాలి. వేసవిలో ఉన్నట్టుండి ఉరుములతో వచ్చే కాలవైశాఖి గాలులకి మునగ కొమ్మలు ఫెళ్ళున విరుగుతాయి. కాపు అయిపోగానే నడుం ఎత్తుకి నరికేయండి, వానలకి గుబురుగా చిగురిస్తుంది. ఎండిన కొబ్బరి మట్టలు దింపించండి.

జూన్ మధ్యలో రజ పండగ వస్తుంది. భూదేవికి విశ్రాంతి అని ఆ మూడు రోజులూ దున్నరు, తవ్వరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. మనం కూడా గునపం పక్కన పెడదాం. ఆ తర్వాత వానాకాలం పాదులకి గోతులు తవ్వుకుని, మాగిన పశువుల ఎరువు కలుపుకోండి. ఆనప గింజలు తోలు మందం కాబట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న పెట్టండి. గోతికి మూడు గింజలు చాలు, మొలిచాక బలమైనది ఉంచి మిగతావి తీసేయవచ్చు. మా పెరటి ఆనప, పొట్ల గింజలు పొట్లాలు కట్టి తెచ్చాను, ఆ చివర బల్ల మీద ఉన్నాయి. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళండి.