'పడ' రివ్యూ: కలెక్టర్ గదిలో ఒక పగలు

నమస్తే అండి. ఈ రోజు ఒక మలయాళ సినిమా గురించి మాట్లాడాలి. పేరు 'పడ'. మన మాటల్లో దండు అనుకోండి. 2022 మార్చిలో వచ్చింది, దర్శకుడు కమల్ కె.ఎం.

నలుగురు యువకులు కేరళలోని పాలక్కాడ్ కలెక్టరేట్‌కి వెళ్తారు. కాసేపటికి కలెక్టర్ గది తలుపు మూసుకుంటుంది, ఆయన బందీ. వాళ్ళు డబ్బు అడగరు. అసెంబ్లీ పాస్ చేసిన ఒక బిల్లును వెనక్కి తీసుకోమంటారు, అంతే.

ఇది కల్పించిన కథ కాదండి. 1996 అక్టోబర్ 4న నిజంగా జరిగింది. చేసింది ఆదివాసీల భూముల కోసం పోరాడిన అయ్యంకాళి పడ అనే సంస్థ సభ్యులు. అప్పటి కలెక్టర్ డబ్ల్యూ.ఆర్. రెడ్డి గారు. తర్వాతి కాలంలో ఆయన హైదరాబాద్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు.

ఇంతకీ ఆ బిల్లులో ఏముంది? కేరళలో 1975లో ఒక చట్టం చేశారు. ఆదివాసీల చేతుల్లోంచి పోయిన భూములు తిరిగి వాళ్ళకే ఇవ్వాలని. దానికి రూల్స్ రాయడానికే 1986 దాకా పట్టింది. భూములు మాత్రం తిరిగి రాలేదు. ఇచ్చి తీరాలని 1993లో హైకోర్టు గడువు కూడా పెట్టింది. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? భూమి ఇవ్వడం మానేసి, చట్టాన్నే మార్చేసింది. 1986కు ముందు చేతులు మారిన భూములు తీసుకున్నవాళ్ళకే ఉండేలా సవరణ తెచ్చింది. అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ చెయ్యెత్తాయి. 140 మంది ఉండే సభలో కాదన్నది ఒక్క కె.ఆర్. గౌరి అమ్మ, కేరళలో సీనియర్ నాయకురాలు. నాకు ఇది తెలిశాక సినిమా మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఈసారి వాళ్ళ చేతిలోని తుపాకీ కంటే ఆ బిల్లు కాగితమే భయపెట్టింది.

నటనకొస్తే కుంచాకో బోబన్, జోజు జార్జ్, దిలీష్ పోతన్ ముగ్గురూ బాగా చేశారు. కానీ వినాయకన్ కళ్ళ మీంచి చూపు తిప్పుకోలేం. కలెక్టర్‌గా అర్జున్ రాధాకృష్ణన్ ముఖంలో మొదట భయం, తర్వాత వినాలన్న ఆసక్తి, రెండూ కనిపిస్తాయి. మన ప్రకాశ్ రాజ్ కూడా ఉన్నారు, ప్రభుత్వం వైపు.

ఒక లోటు చెప్పాలి. బయట పోలీసుల హడావిడి కొంత సాగింది. అంతకంటే ముఖ్యంగా, ఎవరి భూమి గురించి ఇదంతా జరుగుతోందో ఆ ఆదివాసీల మాట చాలా తక్కువ వినబడుతుంది. వాళ్ళ ఊళ్ళో ఒక పది నిమిషాలు గడిపి ఉంటే బాగుండేది అనిపించింది.

ఇక్కడి నుంచి స్పాయిలర్, సినిమా చూడాలనుకునేవాళ్ళు ఆపేయండి. ఆ తుపాకీ బొమ్మది. వాళ్ళు చూపించి బెదిరించిన బాంబు ఉత్తుత్తిది. సుమారు తొమ్మిది గంటల తర్వాత కలెక్టర్ గారు క్షేమంగా బయటికొచ్చారు. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు.

మనకు 1/70 చట్టం ఉంది కదండీ, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు నుంచి ఈ వీడియో చూస్తున్నవాళ్ళుంటే, మీ ఊళ్ళో ఆ చట్టం ఎంతవరకు నడుస్తోందో కింద రాయండి. ప్రతి ఒక్కటీ చదువుతాను.