బాణం ఒక్కవైపే గీస్తే ఎట్ల?
(ఎయిడ్స్ దినం నాడు హన్మకొండలో ల్యాబ్ టెక్నీషియన్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్తే. శాలువాలతోనే సగం టైమ్ అయిపోయింది, నేరుగా సంగతికొస్త.

డిసెంబర్ 1 వచ్చిందంటే పోస్టర్ల మీద యాంటీబాడీ (క్రిమికి అతుక్కునే రక్షక ప్రోటీన్) అంటే కత్తి పట్టిన సిపాయి. పాఠ్యపుస్తకంలోనూ ఒకటే బాణం: రోగాన్ని ఎదిరించే తెల్లకణాల్లో హెల్పర్ టీ కణం సాయం చేస్తే బీ కణం యాంటీబాడీ తయారుచేస్తది. ఆ యాంటీబాడీ తిరిగి టీ కణాన్ని ఏం చేస్తదో గీసేటోళ్లు లేరు. నా గొడవంతా అదే.

హెచ్ఐవీ పైతొడుగు మీది జీపీ120 ప్రోటీన్ బరువులో దాదాపు సగం చక్కెరలే. హెల్పర్ టీ కణం మీదుండే సీడీ4 అనే ప్రోటీన్‌ను పట్టుకునేది అదే. సీడీ4 అంటే యాదికొచ్చింది, సీడీ4 కణాల లెక్కకు పంపే ఊదా మూత రక్తం ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టేటోళ్లు ఇంకా ఉన్నరు. దయచేసి పెట్టకండి. గది వేడిలోనే ఉంచండి, రక్తం తీయంగనే మెల్లగా తిప్పి కలపండి, గడ్డ కడితే శాంపిల్ పనికిరాదు.

సరే. టీ కణం జీపీ120ని ఉన్నదున్నట్టు గుర్తుపట్టదు. డెండ్రైటిక్ కణమో మాక్రోఫేజో, అంటే మింగే తెల్లకణం, దాన్ని మింగి, లోపలి ఆమ్లంలో ఎంజైములతో కోసి, ముక్కను ఎంహెచ్‌సీ క్లాస్ 2 అనే, ముక్కను టీ కణానికి చూపే ప్రోటీన్ మీద పెట్టి చూపాలె. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా కుట్టు విప్పి పిడికెడు తీస్తేనే కదా ఖరీదుదారు ధర చెప్పేది!

యాంటీబాడీ అంటుకుంటే మామూలుగా ఎఫ్‌సీ గ్రాహకాల (మింగే కణం మీద యాంటీబాడీ తోకను పట్టే ప్రోటీన్ల) ద్వారా మింగుడు సులువైతది, టీ కణానికీ మేలే. కానీ సీడీ4 అతుక్కునే చోటునే పట్టే కొన్ని యాంటీబాడీలు ఆమ్లంలోనూ పట్టు వదలవు. ప్రోటీన్ బిగుసుకుపోయి ఎంజైమ్‌కు కోత దిగదు. మింగుడు ఆగలేదు, బస్తా విప్పుడే ఆగింది.

వెనక బెంచీవాళ్లు, ప్రయోగం రాసుకోండి. జీపీ120 ఒక్కటే ఇస్తే టీ కణాలు విభజన చెందినయి. ఈ యాంటీబాడీ కలిపి ఇస్తే చల్లబడ్డయి. యాంటీబాడీ ఉండంగనే, కోసే పనిలేని పొట్టి పెప్టైడ్ (జీపీ120 ప్రోటీన్ ముక్క) ఇస్తే మళ్లీ స్పందించినయి. అంటే టీ కణం బాగనే ఉంది, లోపం కోతలో ఉంది.

అట్లని యాంటీబాడీని తిట్టకండి. 2010లో వెల్లడైన వీఆర్‌సీ01 అనే యాంటీబాడీ కూడా ఆ చోటునే పట్టి ఎన్నో రకాల హెచ్ఐవీని ఆపుతది. టీకా చేసేటోళ్లకు తలనొప్పి అక్కడే: ఆ చోటును దాచొద్దు, కోతను ఆపొద్దు.

రేపు పరిశోధన ల్యాబుల చేరితే, పరీక్ష ప్లేటులో జీపీ120 గుంట పక్కన పెప్టైడ్ గుంట తప్పకుండా పెట్టండి. మొదటిదాంట్ల టీ కణాల స్పందన లేక, రెండోదాంట్ల వస్తే "టీ కణాలు లేవు" అని రిపోర్టు రాయకండి.