నాలుగు రోజుల్లో పుట్టిన ఆల్బమ్: అరవై దాటిన సాలమన్ బర్క్

[తెర మీద: నల్లటి నేపథ్యం. ఆల్బమ్ పేరు, 2002.]

నమస్కారం. ఈరోజు ఒకే ఒక్క ఆల్బమ్ గురించి చెప్పుకుందాం. పేరు 'డోంట్ గివ్ అప్ ఆన్ మీ'. పాడింది సాలమన్ బర్క్. పెద్ద వయసు గాయకుడి గొంతుని ఎలా రికార్డు చేయాలని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ ఆల్బమ్ పెట్టి వినమంటాను.

[పాత నలుపు తెలుపు ఫొటోలు. 1960ల అమెరికా.]

ముందు ఆయన ఎవరో చూద్దాం. ఊరు ఫిలడెల్ఫియా. చిన్న పిల్లాడిగా ఉన్నప్పుడే చర్చిలో ప్రసంగాలు చేసేవారు. 1960ల మొదట్లో అట్లాంటిక్ రికార్డ్స్ అనే సంగీత సంస్థలో 'క్రై టు మీ', 'ఎవ్రీబడీ నీడ్స్ సమ్‌బడీ టు లవ్' పాడారు. ఈ రెండూ తర్వాత బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ కూడా పాడుకున్నారు. చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతోనే మనుషుల ప్రేమనీ బాధనీ పాడటం, సోల్ సంగీతం అంటే ముఖ్యంగా అదే. ఆ దారి వేసిన మొదటి తరంలో బర్క్ ఒకరు. రే చార్ల్స్ పేరు తెలిసినంతగా మనవాళ్లకి ఈయన పేరు తెలియదు. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

హిట్లు ఆగిపోయాక కూడా ఆయన ఖాళీగా లేరు. చర్చి నడిపారు, అంత్యక్రియలు జరిపించే వ్యాపారం చేశారు, పాడుతూనే ఉన్నారు. 2001లో ఆయన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే అమెరికాలో గొప్ప సంగీతకారులకి ఇచ్చే గౌరవ జాబితాలోకి తీసుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఈ ఆల్బమ్.

[మిసిసిపీ మ్యాప్. ఆక్స్‌ఫర్డ్ ఊరి మీద గుర్తు.]

ఈ ఆల్బమ్ వెనక ఉన్న రికార్డు సంస్థల్లో ఒకటి ఫ్యాట్ పాసమ్. మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటుంది. ఆర్.ఎల్. బర్న్‌సైడ్ లాంటి పల్లెటూరి బ్లూస్ పెద్దల్ని రికార్డు చేసి పేరు తెచ్చుకుంది. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల బతుకు బాధల్లోంచి పుట్టిన పాట. నిర్మాత జో హెన్రీ. స్వయంగా పాటలు రాసి పాడే మనిషి.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తున్నా. రికార్డింగ్ లాస్ ఏంజిలిస్‌లో జరిగింది. మొత్తం నాలుగే రోజులు. ముందు వాయిద్యాలు రికార్డు చేసి, తర్వాత ఎప్పుడో గొంతు కలిపే పద్ధతి పక్కన పెట్టేశారు. అందరూ ఒకేచోట చేరి వాయిస్తుంటే బర్క్ వాళ్లతో పాటే పాడారు. అందుకే డ్రమ్మర్ జే బెల్లెరోజ్ దెబ్బ బర్క్ ఊపిరి కోసం ఆగుతున్నట్టు వినిపిస్తుంది. ఆర్గాన్ వాయించిన రూడీ కోప్‌ల్యాండ్‌కి చూపు లేదు. ఆయన బర్క్ సొంత చర్చిలో ఆర్గాన్ వాయించేవారు. గాయకుడు తర్వాత ఎటు తిరుగుతాడో ఆయనకి ఏళ్ల తరబడి తెలుసు.

ట్రంపెట్ల హోరు, వయొలిన్ల వరద పెట్టి పాత రోజులని గుర్తు చేయడం జో హెన్రీకి తేలికైన పని. ఆయన ఆ పని చేయలేదు. వాయిద్యాల మధ్య చోటు వదిలేశారు. ఆ ఖాళీలో గొంతులోని గరుకు, మాట చివర సన్నబడే శ్వాస, ఉన్నట్టుండి పైకి లేచే కేక, అన్నీ దగ్గరగా వినిపిస్తాయి. వయసుని దాచాలని ఎవరూ ప్రయత్నించలేదు.

[పాటల రచయితల పేర్లు ఒక్కొక్కటిగా తెర మీదకి.]

పాటలు ఇచ్చినవాళ్లని చూడండి: బాబ్ డిలాన్, వ్యాన్ మారిసన్, టామ్ వెయిట్స్, బ్రయాన్ విల్సన్, ఎల్విస్ కాస్టెలో, నిక్ లో. డిలాన్ ఇచ్చిన 'స్టెప్‌చైల్డ్' ఆయన 1978లో కచేరీల్లో పాడిన పాట. ఆల్బమ్‌లో అచ్చమైన బ్లూస్‌కి దగ్గరగా ఉండేది ఇదే. ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాట రాసినవాళ్లలో అలబామాకి చెందిన డాన్ పెన్ ఒకరు. నీ అంచనాలకి అందలేకపోయినా నన్ను వదిలేయకు అని బతిమాలే పాట ఇది. ఇరవై ఏళ్ల కుర్రాడు పాడితే ప్రేయసిని అడుగుతున్నాడనుకుంటాం. బర్క్ పాడితే శ్రోతల్ని, పాటని, దేవుణ్ణి కూడా అడుగుతున్నట్టే ఉంటుంది.

[బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా ఫొటో.]

'నన్ ఆఫ్ అజ్ ఆర్ ఫ్రీ' దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఒక్కరు సంకెళ్లలో ఉన్నా మిగతావాళ్లెవరూ స్వేచ్ఛగా లేనట్టే అని చెప్పే పాట. బర్క్‌కి తోడుగా బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా పాడారు. 1930ల చివర్లో అలబామాలో అంధుల బడిలో మొదలైన గాస్పెల్ బృందం, అంటే చర్చి భక్తి పాటలు పాడే బృందం అది. బుర్రకథలో కథకుడి మాటని వంతలు అందుకున్నట్టు, బర్క్ ఒక మాట వేస్తే వాళ్లు అందుకుంటారు. గాస్పెల్లో పుట్టి సోల్లోకి వచ్చిన పద్ధతి ఇది. ఈ ఒక్క పాట వింటే ఆ చరిత్ర సగం అర్థమవుతుంది.

2003లో దీనికి బెస్ట్ కాంటెంపరరీ బ్లూస్ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. బర్క్‌కి అదే మొదటి గ్రామీ. సోల్ గాయకుడికి బ్లూస్ విభాగంలో అవార్డేమిటని అడగొచ్చు. నా దృష్టిలో ఆ రెండింటి మధ్య గోడ దుకాణంలో అరలు సర్దుకోవడానికి కట్టింది. 'స్టెప్‌చైల్డ్' పాడేటప్పుడు బర్క్ ఆ గోడని పట్టించుకోలేదు.

తర్వాత కూడా ఆయన వరసగా ఆల్బమ్‌లు చేశారు. 2006లో వచ్చిన 'నాష్‌విల్' కంట్రీ పాటల ఆల్బమ్, అంటే అమెరికా పల్లెల శైలి పాటలు, అదీ బాగుంటుంది. 2010 అక్టోబర్ 10న ఆమ్‌స్టర్‌డామ్‌లో కచేరీకి వెళ్తూ, అక్కడి విమానాశ్రయంలోనే కన్నుమూశారు.

[తెర మీద: మూడు పాటల పేర్లు.]

కొత్తగా వినేవాళ్లు ముందు 'డోంట్ గివ్ అప్ ఆన్ మీ' పాట వినండి. తర్వాత టామ్ వెయిట్స్ ఇచ్చిన 'డైమండ్ ఇన్ యువర్ మైండ్', ఆపైన 'నన్ ఆఫ్ అజ్ ఆర్ ఫ్రీ'. ఫోన్ స్పీకర్లో ఆర్గాన్ అడుగు స్వరాలు పోతాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.