ఫిజికల్ కెమిస్ట్రీకి ఈ క్యాలిక్యులేటర్ పనికొస్తుందా? రెండు నెలలు వాడాక నా మాట

హాయ్ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ క్యాలిక్యులేటర్ నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇది చెప్పు, అది చెప్పకు అని కూడా అనలేదు. కింద లింక్ పెట్టాను, దాంట్లోంచి కొంటే నాకు కాస్త కమిషన్ వస్తుంది. ఆ సంగతి మనసులో పెట్టుకునే వినండి. బ్రాండ్ పేరు మీకు కనిపిస్తూనే ఉంది, మళ్లీ మళ్లీ నేను అనను.

ఎన్ని ఫంక్షన్లు, సోలారా బ్యాటరీయా, స్క్రీన్ ఎంత, ఇవన్నీ ఈపాటికే నాలుగు వీడియోల్లో చూసేసి ఉంటారు. నన్ను అందరూ అడిగేది ఒకటే: "అక్కా, కెమికల్ బ్రాంచ్ వాళ్లకి, ముఖ్యంగా ఫిజికల్ కెమిస్ట్రీకి, ఇది పనికొస్తుందా?"

అసలు మన కథ ఎలా ఉంటుందంటే, ఇంటర్ రెండేళ్లూ చేత్తోనే లెక్కలు. ఎంసెట్ హాల్లోకి క్యాలిక్యులేటర్ రానివ్వరు, పేరు ఈఏపీసెట్ అయ్యాక కూడా అంతే. లాగ్ 2 అంటే 0.3010, లాగ్ 3 అంటే 0.4771 అని అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేవాళ్లం. బీటెక్‌లో చేరి చేతికి క్యాలిక్యులేటర్ వచ్చిన నెలకల్లా అవన్నీ ఎగిరిపోయాయి. నేను కోఠిలో కొన్న రెండు లైన్ల క్యాలిక్యులేటర్ ఇదిగో, చూడండి, సున్నా మీద అంకె అరిగిపోయింది. నాలుగేళ్లుగా ఇదే.

దీంతో నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. సెకండ్ ఇయర్ మిడ్‌లో ఫోటాన్ ఎనర్జీ లెక్క వచ్చింది. 500 నానోమీటర్ల కాంతి. హెచ్‌సీ బై లాంబ్డా, అంటే ప్లాంక్ కాన్‌స్టంట్ ఇంటూ కాంతి వేగం బై తరంగదైర్ఘ్యం, అంతే, ఉచితంగా వచ్చే మార్కులు. నేనేం చేశానంటే, భాగహారం నొక్కి, 500 కొట్టి, ఇంటూ 10 పవర్ మైనస్ 9 అని విడివిడిగా కొట్టాను. అది పాపం ఎడమ నుంచి కుడికి పోతుంది కదా, 500తో భాగించేసి, ఆ వచ్చినదాన్ని 10 పవర్ మైనస్ 9తో గుణించింది. రావాల్సింది 3.98 ఇంటూ 10 పవర్ మైనస్ 19 జౌళ్లు. నాకు 10 పవర్ మైనస్ 37 వచ్చింది. అదే రాసేసి, కింద రెండు గీతలు కూడా గీశాను! ఘాతం కోసం విడిగా ఒక బటన్ ఉంటుంది, అది వాడితే మొత్తాన్నీ ఒకే అంకెగా తీసుకుంటుంది. ఆ సంగతి నాకు ఆ రోజు సాయంత్రం హాస్టల్లో తెలిసింది.

కొత్తదాంట్లో ఇదే తప్పు కావాలని మళ్లీ చేశాను. ఇక్కడ చూడండి. భిన్నం పుస్తకంలో ఉన్నట్టు పైనా కిందా కనిపిస్తోంది. 500 కింద ఉంది, 10 పవర్ మైనస్ 9 పక్కకి పోయి నిలబడింది. తప్పు కంటికి కనిపిస్తోంది. నాకు ఈ క్యాలిక్యులేటర్ మొదట నచ్చింది ఇక్కడే.

ఇప్పుడు దీంట్లో నాకు బాగా ఇష్టమైన దాని దగ్గరికి వద్దాం. స్టాటిస్టిక్స్ టేబుల్. నవ్వకండి, ఫిజికల్ కెమిస్ట్రీ ల్యాబ్ చేసినవాళ్లకి తెలుస్తుంది.

మిథైల్ అసిటేట్ హైడ్రాలిసిస్ అందరూ చేసే ఉంటారు. ఎస్టర్, యాసిడ్ కలిపి, పది నిమిషాలకోసారి 5 ఎంఎల్ తీసి ఐస్ వాటర్‌లో వేసి, ఫినాఫ్తలీన్ చుక్క వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయడం. రియాక్షన్ నడిచేకొద్దీ అసిటిక్ యాసిడ్ పుడుతుంది, కాబట్టి బ్యూరెట్ రీడింగ్ పెరుగుతూ పోవాలి. చివర్లో మిగిలినదాన్ని వేడి నీళ్లలో పెట్టి ఇన్ఫినిటీ రీడింగ్, అంటే రియాక్షన్ పూర్తిగా అయిపోయాక వచ్చే రీడింగ్. దాంట్లోంచి ఒక్కో రీడింగ్ తీసేసి, లాగరిథమ్ వేసి, కాలంతో గ్రాఫ్ గీస్తే సరళరేఖ. వాలు నుంచి రేట్ కాన్‌స్టంట్, అంటే రియాక్షన్ ఎంత వేగంగా నడుస్తుందో చెప్పే అంకె.

ఆ రోజు మా బ్యాచ్‌లో గ్రాఫ్ గీసే ఓపిక ఎవరికీ లేదు. నేను నా పాతదాంట్లో రిగ్రెషన్ (పాయింట్లకి సరిపోయే గీతని అదే లెక్కగట్టే మోడ్) పెట్టి, ఒక్కో జత కొట్టి ఎం ప్లస్ నొక్కుతూ పోయాను. వాలు వచ్చింది, రికార్డులో రాశాం, అయిపోయింది. వైవాలో సార్ అబ్జర్వేషన్ బుక్ తిప్పి ఒక్క ప్రశ్న వేశారు: "20వ నిమిషం రీడింగ్ 10వ నిమిషం కన్నా తక్కువ ఎందుకుందమ్మా? యాసిడ్ ఎటు పోయింది?" యాసిడ్ ఎటూ పోలేదు. పిపెట్‌లో గాలి బుడగ వచ్చి తక్కువ ద్రావణం పడింది. ఆరు పాయింట్లలో ఒకటి పక్కన కూర్చుని ఉంటే గ్రాఫ్ పేపర్ మీద గుడ్డివాళ్లకి కూడా కనిపించేది. క్యాలిక్యులేటర్ మాత్రం కిమ్మనకుండా వాలు ఇచ్చేసింది.

ఆ రికార్డు బయటికి తీసి, అవే రీడింగులు ఈ కొత్తదాంట్లో కొట్టాను. ఆరు వరసలూ ఒకదాని కింద ఒకటి. మూడో వరసలో అంకె ఎదురు తిరగడం నేను టైప్ చేస్తుండగానే కనిపించింది. ఆ వరస తీసేసి మళ్లీ చూశాను. కోరిలేషన్ విలువ మైనస్ 1కి దగ్గరగా జరిగిపోయింది, అంటే పాయింట్లు దాదాపు ఒకే గీత మీదికి వచ్చాయన్నమాట. రెండు నెలల్లో నేను దీన్ని వాడింది సగం ఇందుకే. ఫ్రాయిండ్లిష్ అడ్సార్ప్షన్, కండక్టివిటీ, ఏ ప్రయోగం రీడింగులు దొరికితే అవి పెట్టి చూస్తున్నాను. జూనియర్లు తప్పించుకు తిరుగుతున్నారు.

గ్రాఫ్ కావాలంటే క్యూఆర్ కోడ్ చూపిస్తుంది, ఫోన్‌తో స్కాన్ చేయాలట. మన ల్యాబుల్లో ఫోన్ బయటికి తీస్తే ఏమవుతుందో వాళ్లకెవరైనా చెప్పండి.

ఇక నా కోపం. గ్యాస్ కాన్‌స్టంట్, అదే ఆర్. ఫిజికల్ కెమిస్ట్రీలో ఆర్ లేని పేజీ ఉంటుందా? గ్యాసుల్లో ఆర్, థర్మోలో ఆర్, కైనెటిక్స్‌లో ఆర్, నెర్న్‌స్ట్ ఈక్వేషన్‌లో ఆర్. నా పాతదాంట్లో కాన్‌స్టంట్ బటన్ నొక్కి 27 కొడితే ఆర్ వచ్చేసేది, చూడకుండా కొట్టేదాన్ని. దీంట్లో మెనూలోకి వెళ్లి, ఆ మెనూలో ఇంకో మెనూ, బాణం కిందికి, మళ్లీ కిందికి... లెక్కపెట్టాను, ఎనిమిది సార్లు నొక్కాలి. 8.314 అని చేత్తో కొట్టడానికి ఐదు బటన్లు చాలు! ఇంత చేసి అది ఇచ్చేది జౌళ్లలోనే. లీటర్ అట్మాస్ఫియర్లలో కావాలంటే 0.0821, క్యాలరీల్లో 1.987, అవి మీరే గుర్తుపెట్టుకోవాలి. ఏ విషయానికీ ఇంత చిరాకు పడలేదు నేను, నిజంగా.

వాన్ డర్ వాల్స్ లెక్కల (నిజమైన గ్యాసుల ఈక్వేషన్, వాల్యూమ్ కోసం క్యూబిక్ అవుతుంది) సంగతి కూడా అడిగారు. క్యూబిక్ ఈక్వేషన్ మోడ్ బాగుంది. కార్బన్ డయాక్సైడ్, 280 కెల్విన్, 50 బార్ పెట్టాను. మోలార్ వాల్యూమ్, అంటే ఒక మోల్ వాల్యూమ్, మూడు వచ్చాయి, లీటర్లలో: 0.082, 0.126, 0.300. పెద్దది ఆవిరికి, చిన్నది ద్రవానికి, మధ్యలోది దేనికీ కాదు. సాల్వ్ బటన్ వాడితే మాత్రం మీరిచ్చిన మొదటి ఊహకి దగ్గర్లోది ఏదో ఒకటి చెప్పి ఊరుకోవచ్చు, కాబట్టి దీనికి సాల్వ్ వద్దు. ఇంకోటి, 280 కెల్విన్ అంటే దాదాపు 7 డిగ్రీలు. అక్కడ 50 బార్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ నిజానికి ద్రవంగానే ఉంటుంది. మూడింట్లో ఏది రాయాలో చెప్పే బటన్ మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఎంటెక్ సీటు కోసం గేట్ రాసేవాళ్లకి ఒక్క మాట. అక్కడికి మీ క్యాలిక్యులేటర్ రానివ్వరు, స్క్రీన్ మీద వాళ్లదే ఉంటుంది, మౌస్‌తో నొక్కాలి. రిగ్రెషన్ లేదు, క్యూబిక్ లేదు. గేట్ కోసమే అయితే ఇది కొనకండి.

మరి కొనాలా వద్దా? న్యాయంగా మార్కులు వేస్తే కొత్తదే గెలుస్తుంది. టేబుల్ ఉంది, భిన్నాలు కనిపిస్తాయి, క్యూబిక్ ఉంది. ల్యాబ్ ఉన్న సెమిస్టర్ అయితే కళ్లు మూసుకుని కొనండి. నేను మాత్రం వచ్చే నెల ఎక్స్‌టర్నల్స్‌కి ఈ సున్నా అరిగిపోయినదాన్నే తీసుకెళ్తున్నాను. పరీక్ష హాల్లో ఆర్ కోసం ఎనిమిది సార్లు నొక్కే ఓపిక నాకు లేదు.

ఇది మా తమ్ముడికి ఇచ్చేస్తున్నా, ఫస్ట్ ఇయర్ వాడు. ఆర్ విలువ మూత లోపల స్కెచ్ పెన్‌తో రాసుకుంటానన్నాడు. ఒరేయ్, అలా రాస్తే మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చేస్తారు, కూర్చుని బట్టీ పట్టు అన్నాను.