ఆరు ఋతువులు, మెట్ట నేల: సీమ కంచంలో ఎప్పుడు ఏమి మారాలి?

(తెరపై: కర్నూలు కొండారెడ్డి బురుజు. మధ్యాహ్నం రెండు గంటలు. వీధిలో జనం పలచగా ఉన్నారు. చెట్టు నీడలో మజ్జిగ కుండ.)

నమస్కారం. ఉగాది దాటింది. పంచాంగం తెరిస్తే వసంత ఋతువు అని ఉంటుంది. గడప దాటితే కర్నూలు ఎండ 40 డిగ్రీలకు అటూ ఇటూగా కాస్తూ ఉంటుంది. మరి ఈ నెలలో మనం తినవలసింది ఆయుర్వేదం వసంతానికి చెప్పిన ఆహారమా, గ్రీష్మానికి చెప్పిన ఆహారమా?

ఋతుచర్య, అంటే ఋతువుకు తగ్గట్టు తిండి, అలవాట్లు మార్చుకోవడం. దీని మీద వచ్చే వీడియోలు చాలావరకు ఆరు ఋతువులకు ఆరు పట్టికలు చదివి ముగిస్తాయి. ఆ పట్టికలు తప్పు కావు. కానీ అవి అనంతపురం మెట్ట పొలంలో పనిచేసే మనిషికి యథాతథంగా సరిపోతాయా? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. ఆయుర్వేద మూలగ్రంథాల్లో ఒకటైన చరక సంహితలో, సూత్రస్థానం అనే భాగంలో, ఋతువుల ఆహారం చెప్పిన ఆరో అధ్యాయం చివర్లోనే ఆ జవాబు ఉంది. అక్కడికి వెళ్లే ముందు అసలు లెక్క ఏమిటో చూద్దాం.

(తెరపై: సూర్యుడి ఉత్తరాయణ, దక్షిణాయన మార్గం. ఒక్కో ఋతువు పేరు వెలుగుతుంది.)

సంవత్సరాన్ని గ్రంథాలు రెండు భాగాలు చేశాయి. శిశిరం, వసంతం, గ్రీష్మం కలిసి ఆదాన కాలం. సూర్యుడు నేలలోని తడిని, ఒంట్లోని బలాన్ని లాక్కునే కాలం ఇది. వర్షం, శరత్తు, హేమంతం కలిసి విసర్గ కాలం. తీసుకున్నది తిరిగి ఇచ్చే కాలం. చలికాలంలో మనిషికి బలం ఎక్కువ, గ్రీష్మం చివర, వానల మొదట్లో బాగా తక్కువ. ఆకలి కూడా అంతే. ఆయుర్వేదం దాన్ని జఠరాగ్ని అంటుంది. చలిలో ఒంటి వేడి బయటికి పోలేక లోపల నిలిచి అగ్ని ప్రజ్వలిస్తుందని, వానల్లో అది మందగిస్తుందని చరకుడి వివరణ.

ఇక్కడ ఒక మాట శ్రద్ధగా వినండి. ఏ ఋతువులో పైకి వచ్చే ఇబ్బంది అయినా అంతకు ముందు ఋతువులోనే లోపల పోగుపడుతుంది. గ్రీష్మంలో పోగైన వాతం (పొడితనం, గాలి) వానల్లో విజృంభిస్తుంది. వానల్లో పోగైన పిత్తం (ఒంట్లో వేడి) శరత్తులో పైకి వస్తుంది. చలిలో పేరుకున్న కఫం, గడ్డకట్టిన నెయ్యి ఎండకు కరిగినట్టు, వసంతంలో కరిగి జలుబుగా, దగ్గుగా బయటపడుతుంది. అందుకే ఋతుచర్యలో అసలు పని జబ్బు వచ్చాక కాదు, రెండు నెలల ముందే మొదలవుతుంది. ఇది ఆయుర్వేదం తన పరిభాషలో చెప్పిన లెక్క. రక్తపరీక్షలో వాతం ఇంత, పిత్తం ఇంత అని అంకె రాదు. మన ఆకలిని, నిద్రను, చర్మాన్ని గమనించుకోవడానికి పనికొచ్చే లెక్కగా దీన్ని తీసుకోండి.

(తెరపై: అనంతపురం జిల్లా ఎర్రనేల, వేరుశనగ చేను, దూరంగా గుట్టలు.)

ఇప్పుడు మన నేల సంగతి. ఆయుర్వేదం భూములను మూడు రకాలు చేసింది. నీళ్లు, నీడ ఎక్కువ ఉన్నది ఆనూప దేశం. ఎండ, గాలి ఎక్కువై చెట్టు, నీరు తక్కువైనది జాంగల దేశం. రెండూ సమంగా ఉన్నది సాధారణ దేశం. అనంతపురంలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. ఏ కొలతతో చూసినా ఇది జాంగలం. ఇలాంటి నేల మీద వాతం, అంటే పొడితనం, సహజంగానే ఎక్కువ.

చరకుడు ఆ అధ్యాయం చివర్లో చెప్పింది ఇదే. నేల గుణం ఏదో గమనించి, దానికి ఎదురు గుణం ఉన్న ఆహారాన్ని అలవాటు చేసుకోవాలి. పొడి నేలకు చమురు ఉన్న తిండి. వేడి నేలకు చల్లటి తిండి. ఋతువుల పట్టికను ఈ సూత్రం పక్కన పెట్టుకుని చదవాలి, లేకపోతే సగమే చదివినట్టు.

(తెరపై: రాగి సంగటి ముద్ద, దాని మీద నెయ్యి. పక్కన వేరుశనగ పచ్చడి, పప్పు.)

ఇక చిరుధాన్యాలు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలు, అరికలు, సామలు మళ్లీ అందరి నోటా వచ్చాయి. సంతోషమే. రాగులు 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తాయి, ఆ విషయంలో బియ్యం వాటి దరిదాపులకు కూడా రాదు. అయితే మూడు పూటలా కొర్రలు తింటే రోగాలన్నీ పోతాయనే ప్రచారాన్ని నేను ఒప్పుకోలేను. మరో ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు తన అష్టాంగ హృదయంలో ఈ తృణధాన్యాల గుణం స్పష్టంగా రాశాడు: చలువ చేస్తాయి, తేలిక, కఫాన్ని, పిత్తాన్ని తగ్గిస్తాయి, కానీ వాతాన్ని పెంచుతాయి. కొర్రలను మాత్రం విడదీసి, ఇవి బరువైనవి, ఒంటికి పుష్టినిచ్చేవి, విరిగిన ఎముక అతుక్కోవడానికి మంచివి అన్నాడు.

అంటే పొడి నేలలో పొడి ధాన్యాన్ని పొడిగా తినకూడదు. మన అవ్వలు తినలేదు కూడా. జొన్న రొట్టెకు వేరుశనగ పచ్చడి తోడు. సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోస్తారు, పక్కన పప్పు ఉంటుంది. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట, చరకుడికి అది తెలియదు. అయినా సీమ వంటగదిలో ఆ గింజ సరిగ్గా ఆయన చెప్పిన పనే చేస్తోంది. ఇప్పుడు బరువు తగ్గాలని కొర్రన్నం ఒట్టి కూరగాయలతో, చుక్క నూనె లేకుండా తిని, మలబద్ధకం, కీళ్లలో పట్లు అంటున్నవారు మీ చుట్టుపక్కల కనిపిస్తే, ముందు వారి కంచం వైపు చూడండి.

(తెరపై: ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వుతున్న ఆడవాళ్లు, తలకు తుండుగుడ్డ.)

గ్రీష్మం. మన సీమలో ఇది ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. గ్రంథాలు ఈ కాలానికి తీపి, తేలిక, చల్లదనం, ద్రవాలు కోరాయి. ఉప్పు, పులుపు, కారం, ఎండ, శ్రమ తగ్గించమన్నాయి. పగటి నిద్రకు అనుమతి ఉన్నది ఈ ఒక్క ఋతువులోనే.

కానీ చరకుడి ఆ అధ్యాయంలో వర్ణించిన మనిషిని చూడండి. ఆయన పగలు చల్లటి ఇంట్లో పడుకుని, రాత్రి వెన్నెలలో మేడ మీద సేదతీరుతున్నాడు. ఎండలో మట్టి తవ్వే మనిషికి ఉప్పు తగ్గించమని చెప్పడం ప్రమాదం. చెమటతో పాటు ఉప్పు పోతుంది, దాన్ని తిరిగి ఇవ్వాలి. నీడన కూర్చునే ఉద్యోగికి శాస్త్రం మాట అక్షరాలా వర్తిస్తుంది. కూలికి వెళ్లేవారికి ఉప్పు వేసిన జావ, మజ్జిగ, గంజి కావాలి. రక్తపోటు మందులు వాడుతూ ఎండలో పనిచేసేవారు ఉప్పు ఎంత అన్నది తమ డాక్టరునే అడగాలి.

మజ్జిగ అన్నాను కాబట్టి చాలామందికి తెలియని ఒక సంగతి. ఆయుర్వేద ఆచార్యుల్లో ఒకడైన సుశ్రుతుడు మజ్జిగను ఎంతో మెచ్చుకుంటూనే, గాయాలున్నవారికి, బలహీనులకు, వేడి కాలంలో ఇవ్వవద్దన్నాడు. వింటే సీమవాళ్లకు గుండె ఆగుతుంది! దీనికి కారణం పులుపు. పులుపు పిత్తాన్ని రేపుతుందని ఆయుర్వేదం మాట. ఎండకాలంలో పెరుగు గంటల్లో పులుస్తుంది, దాన్ని చిలికితే వచ్చేది పుల్ల మజ్జిగ. ఉదయం తోడుకున్న తాజా పెరుగును వెన్న తీసి, నాలుగింతల నీళ్లు పోసి, కొత్తిమీర, జీలకర్ర, ఉప్పు వేసి అప్పటికప్పుడు తాగేది వేరు. ఇంకో మాట కూడా అదే చరకుడి అధ్యాయంలో ఉంది: తరతరాలుగా తిని ఒంటికి అలవాటైనది సాత్మ్యం అవుతుంది. కాబట్టి మజ్జిగ మానక్కరలేదు. పులిసింది మాత్రం పక్కన పెట్టండి.

శ్రీరామనవమి పానకం, వడపప్పు కూడా ఈ వేళకు చక్కగా కుదిరినవే. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రి వెన్నెలలో జరుగుతుంది, ఎండ వేళ తప్పిన ఉత్సవం. బెల్లం, మిరియం, యాలకులు కలిసిన ఆ పానకం మధుమేహం ఉన్నవారికి మాత్రం తీర్థమంత చాలు.

(తెరపై పెద్ద అక్షరాలు: వడదెబ్బకు వంటింటి వైద్యం లేదు.)

ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా పానకం, ఉల్లిరసం అంటూ కాలం గడపకండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి గాలి తగిలేలా చేస్తూ 108కు ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయవద్దు.

(తెరపై: రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతూ ఉంటాయి. మబ్బులు కదిలిపోతున్నాయి. వాన లేదు.)

పుస్తకాల్లో గ్రీష్మం తరువాత వాన. మన దగ్గర గ్రీష్మం తరువాత గాలి. ఆషాఢం, శ్రావణం అంతా మబ్బు వస్తుంది, పోతుంది, గాలి మాత్రం చెవులు హోరెత్తేలా వీస్తుంది. ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. వాత ప్రకోపం అన్న మాటను ఇంత నేరుగా ఒంటికి తెలిసేలా చూపించే చోటు మరొకటి ఉంటుందా అనిపిస్తుంది నాకు. ఎండకు నీరసించిన ఆకలి ఇంకా కోలుకోలేదు, పైగా గాలి. ఒళ్లు నొప్పులు, కడుపుబ్బరం ఈ నెలల్లోనే ఎక్కువ వింటాం.

ఈ కాలానికి శాస్త్రం పాత ధాన్యం, వేడి వేడి పలచని పులుసులు, కాచి చల్లార్చిన నీళ్లు చెప్పింది. మబ్బు పట్టి చలిగా ఉన్న రోజుల్లో పులుపు, ఉప్పు, చమురు కాస్త ఎక్కువగా తినమంది. కాబట్టి గోంగూర పప్పుకు, ఉలవచారుకు ఇది తగిన సమయం. ఉలవలు వేడి చేస్తాయి, వాతాన్ని, కఫాన్ని తగ్గిస్తాయి, అందుకే ఏప్రిల్‌లో అవి వద్దు, ఆషాఢంలో కావాలి. తొలి ఏకాదశికి జొన్న పేలాల పిండిలో బెల్లం కలిపి తింటాం కదా. గ్రీష్మంలో ఇలాంటి పేలపిండిని చల్లటి నీళ్లలో కలుపుకుని తాగమన్న గ్రంథాలే, వానాకాలంలో అలా తాగవద్దన్నాయి. పిండి అదే, ఆకలి వేరు.

నీటి గురించి ఒక హెచ్చరిక. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ దాని మోతాదు ఇంకా చిక్కబడుతుంది. అనంతపురం జిల్లాలో అనేక గ్రామాల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే మంచిది కాదని, 1.5 దాటితే తాగనే కూడదని మన దేశ ప్రమాణం. మీ బోరు నీటిని పరీక్ష చేయించండి, అందులో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే ఏ ఋతుచర్య పాటించినా పళ్లు, ఎముకలు దెబ్బతినవచ్చు.

(తెరపై: వాన వెలిసిన ఆకాశం, చీనీ (బత్తాయి) తోట.)

శరత్తు. అక్టోబరులో వానలు వెలిసి ఎండ మళ్లీ చురుక్కుమన్నప్పుడు పిత్తం పైకి వస్తుంది. కళ్లమంటలు, ఛాతీలో మంట, దద్దుర్లు. చేదు, వగరు, తీపి ఇప్పుడు కావాలి: కాకర, పెసరపప్పు, ఉసిరి, తోటలో పండిన చీనీకాయ. పెరుగు తగ్గించాలి. సరిగ్గా ఈ రోజుల్లోనే దసరా విందులు, నాటుకోడి పులుసు, కడప కారం దోసె! పండుగ పూట తినండి. మర్నాడు పెసరకట్టు, నెయ్యి అన్నంతో సరిపెట్టండి.

చలికాలం గురించి పెద్దగా చెప్పనక్కరలేదు, మన వంటిల్లే చెబుతుంది. భోగికి నువ్వులు అద్దిన సజ్జ రొట్టె, అనపగింజల కూర, సంక్రాంతికి అరిసెలు. బలమైన ఆకలికి బలమైన తిండి. ఈ నెలల్లో కడుపు మాడ్చుకుంటే ఆ అగ్ని ఒంటి ధాతువులనే తింటుందని శాస్త్రం అంటుంది, కాబట్టి ఉపవాసాలతో బరువు తగ్గే ప్రయత్నం డిసెంబరులో వద్దు. వారానికి రెండుసార్లు నువ్వులనూనె పట్టించి వేడినీళ్ల స్నానం, పగిలే చర్మానికి ఇంతకన్నా ఖర్చు తక్కువ మందు లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. అక్కడి నుంచి ఉగాది వరకు ఉన్న కొద్ది వారాలే సీమ వసంతం. మొదట్లో అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే: వసంతపు ఆహారం, అంటే తీపి, నూనె తగ్గించి చేదు, తేలిక, వ్యాయామం, మనం శివరాత్రికే మొదలుపెట్టాలి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు తినేనాటికి మనం గ్రీష్మంలోకి అడుగుపెడుతున్నాం.

(తెరపై: క్యాలెండరు మీద 14 రోజుల గుర్తు.)

ఎలా మారాలి? ఒక్కరోజులో కాదు. వెళ్లే ఋతువు చివరి 7 రోజులు, వచ్చే ఋతువు మొదటి 7 రోజులు కలిపి ఋతుసంధి అన్నాడు వాగ్భటుడు. అలవాటైన దాన్ని నాలుగో వంతు చొప్పున, అది కూడా కష్టమైతే అందులో నాలుగో వంతు చొప్పున వదలమన్నాడు. ఉదాహరణకు ఉగాదికి ముందు వారం. కూరలో నాలుగు చెంచాల కారం వేసే ఇల్లయితే మూడు వేయండి. రెండు రోజులు ఆగి చూసి, రెండున్నరకు తగ్గించండి. రాత్రి పెరుగు బదులు రెండు రోజులకు ఒకసారి తాజా మజ్జిగ. ఉగాది తరువాతి వారం కారం రెండు చెంచాలు, పగలు ఒకసారి రాగి జావ, మధ్యాహ్నం అరగంట నిద్ర. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఈ మార్పులు మొదలుపెట్టే ముందు తమకు వైద్యం చేస్తున్న డాక్టరుకు చెప్పండి. మందులు మాత్రం ఏ ఋతువులోనూ సొంతంగా ఆపవద్దు.