లక్క ప్లేట్ల మీద కూనిరాగం: ఫ్రాంక్ సినాత్రా తొలి ఆల్బమ్

సభకు నమస్కారం.

మన భాషలో ‘కూనిరాగం’ అనే చక్కటి మాట ఉంది. ఎవరో వినాలని కాక, పని చేసుకుంటూ తనలో తాను పాడుకునే పాటకు ఆ పేరు. ఇంగ్లీషులో, మైక్రోఫోను ముందు మెల్లగా పాడే గాయకుణ్ణి పిలిచే ‘క్రూనర్’ అనే మాట విన్నప్పుడల్లా నాకు అదే గుర్తుకు వస్తుంది. రెంటికీ వ్యుత్పత్తిలో చుట్టరికం లేదు గాని, భావంలో మాత్రం చాలా దగ్గరితనం ఉంది. మైక్రోఫోను రాకముందు అమెరికన్ రంగస్థల గాయకుడు కూడా, మన పద్యనాటక నటుడిలాగే, చివరి బెంచీలో కూర్చున్నవాడికి వినబడేలా గొంతెత్తి తీరవలసి వచ్చేది. మైక్రోఫోను వచ్చి ఆ అవసరాన్ని తీసివేసింది. కూనిరాగాన్ని వేలమంది ముందు పాడే వీలు కల్పించింది. ఆ వీలును పూర్తిగా వాడుకున్నవారిలో ఒకడైన అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాత్రా తొలి ఆల్బమ్, ‘ద వాయిస్ ఆఫ్ ఫ్రాంక్ సినాత్రా’, ఈనాటి నా విషయం. కొలంబియా రికార్డు సంస్థ దానిని 1946 మార్చి 4న విడుదల చేసింది.

ఆనాటికి ‘ఆల్బమ్’ అంటే నిజంగానే ఆల్బమ్. మన ఇళ్లలో పెళ్లి ఫోటోలు పెట్టుకునే పుస్తకం లాంటిదే. పేజీలకు బదులు కాగితపు సంచులు, వాటిలో గ్రామఫోను ప్లేట్లు. నిమిషానికి 78 చుట్లు తిరిగే 10 అంగుళాల ప్లేటు మీద ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట పడుతుంది. సినాత్రా ఆల్బమ్‌లో నాలుగు ప్లేట్లు, ఎనిమిది పాటలు. వెల రెండున్నర డాలర్లు. ఆ ప్లేట్ల తయారీకి ముఖ్యమైన ముడిసరుకు లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే ఆ జిగురు ప్రపంచానికి ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేది. యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల లక్క వాడకం మీద పెద్ద కోత విధించడానికి, అది దూరదేశపు సరుకు కావడమూ, యుద్ధ అవసరాలకు కావలసినది కావడమూ కారణాలు. హైదరాబాదు లాడ్ బజారులో గాజులుగా మెరిసే పదార్థమే అక్కడ పాటను మోసిందని తలుచుకుంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

న్యూజెర్సీలోని హోబోకెన్‌లో 1915 డిసెంబరు 12న పుట్టిన సినాత్రా 1939లో హ్యారీ జేమ్స్ వాద్యబృందంలో పాడాడు. 1940 నుంచి 1942 వరకు టామీ డార్సీ బృందంలో ఉన్నాడు. ఈ రెండో కొలువే అతనికి గురుకులం. డార్సీ ట్రాంబోన్ అనే ఇత్తడి గాలివాద్యం వాయిస్తుంటే ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో శ్రోతకు తెలిసేది కాదు. ఆ దీర్ఘశ్వాసను సినాత్రా గొంతులోకి తెచ్చుకున్నాడు. వాక్యం ఎక్కడ ఆగాలో అర్థమే నిర్ణయిస్తుంది, ఊపిరితిత్తులు కాదు. మన హరికథకుల, పద్యగాయకుల సాధన ఎరిగినవారికి ఇది కొత్త విషయం కాదు. బృందం వదిలి స్వతంత్రుడై 1942 డిసెంబరు 30న న్యూయార్క్ పారామౌంట్ థియేటరులో పాడినప్పటి నుంచి టీనేజి అమ్మాయిల కేకలు అతని కీర్తిలో భాగమయ్యాయి. అదే సమయంలో వాద్యకారుల సంఘం 1942 ఆగస్టులో రికార్డింగుల సమ్మె ప్రారంభించింది. కొలంబియా 1944 నవంబరు దాకా రాజీపడలేదు. అందువల్ల 1943లో అతను వాద్యాలు లేకుండా కోరస్ గొంతుల మధ్య పాడి రికార్డులివ్వవలసి వచ్చింది.

సమ్మె ముగిసిన తరువాత, డార్సీ బృందం నుంచే అతనితో వచ్చిన ఆక్సెల్ స్టోర్డాల్ వాద్యసమ్మేళనం సమకూర్చాడు. కొత్తగా వాద్యాలు చేతికందినవాడు సాధారణంగా అన్నిటినీ ఒకేసారి మోగిస్తాడు. స్టోర్డాల్ ఇక్కడ అలా చేయలేదు. నాలుగు తంత్రీవాద్యాలు: రెండు వయొలిన్లు, వాటికన్నా మంద్రమైన ఒక వియోలా, ఇంకా మంద్రమైన ఒక చెల్లో. వాటికి తోడు గిటారు, పియానో, బాస్, డ్రమ్స్. పైన ఒకే ఒక్క గాలివాద్యం. మొదటి నాలుగు పాటలు 1945 జూలై 30న హాలీవుడ్‌లో రికార్డయ్యాయి, వాటిలో ఆ గాలివాద్యం వేణువు. మిగతా నాలుగు డిసెంబరు 7న న్యూయార్క్‌లో, సినాత్రాకు ముప్ఫై నిండటానికి ఐదు రోజుల ముందు. అప్పుడు వేణువు స్థానంలో ఓబో అనే గాలివాద్యం వాయించినవాడు మిచ్ మిల్లర్; తరువాతి కాలంలో కొలంబియాలోనే నిర్మాతగా, ఎలాంటి పాటలు పాడించాలన్న విషయంలో సినాత్రా అసహనానికి గురైనది ఈయన చేతిలోనే. మనుషుల దారులు అలా ఉంటాయి.

తొమ్మిది వాద్యాలే కావడం వల్ల గొంతుకు చుట్టూ ఖాళీ దొరికింది. ఆ ఖాళీలో అతను అక్షరాన్ని కొంచెం ఆలస్యంగా వదలడం, పదం చివర హల్లును మూసేయకుండా పట్టుకుని ఉంచడం స్పష్టంగా వినబడతాయి. పెద్ద వాద్యబృందం ఉంటే ఈ సూక్ష్మాలు మునిగిపోయేవి.

పాటల ఎంపిక ఇంకా ఆసక్తికరమైనది. ఆ ఏడాది ప్రచారంలో ఉన్న కొత్త పాట ఒక్కటీ లేదు. అన్నీ 1926 నుంచి 1938 లోపువి. ‘సమ్‌వన్ టు వాచ్ ఓవర్ మీ’ని స్వరకర్త జార్జ్, గీతరచయిత ఐరా అనే గెర్ష్విన్ సోదరులు 1926లో ఒక నాటకంలోని కథానాయిక కోసం రాశారు, ఆశ్రయం కోరే ఆ పాటను ఒక మగవాడు, గొప్పలకు పోకుండా, బేలగా పాడటమే అందులోని సాహసం. ‘దీజ్ ఫూలిష్ థింగ్స్’ పోయిన ప్రేమను నేరుగా చెప్పకుండా, మిగిలిపోయిన చిన్న చిన్న వస్తువుల వరుసగా చెబుతుంది. జాబితా చదువుతున్నట్లుగా కాక, ఒక్కో వస్తువు అప్పుడే కంటబడినట్లు పాడతాడు. నా దృష్టిలో ఈ ఎనిమిదింటిలో ఇదే మేలైనది. ‘ఎ గోస్ట్ ఆఫ్ ఎ ఛాన్స్’ రచయితల్లో బింగ్ క్రాస్బీ పేరు కూడా ఉంది. క్రూనర్లకు పెద్దదిక్కైన వ్యక్తి పాటను ఎన్నుకోవడంలో వినయమూ ఉంది, సవాలూ ఉంది. ‘పారడైజ్’ మాత్రం నాకు కొంత తేలికగా తోస్తుంది.

దీనిని చరిత్రలో మొదటి ‘కాన్సెప్ట్ ఆల్బమ్’, అంటే పాటలన్నిటినీ ఒకే భావం కలిపే ఆల్బమ్, అనేవారు ఉన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. 1939లోనే లీ వైలీ అనే గాయని గెర్ష్విన్ పాటలతో ఒక సంపుటి చేసింది. 1940లో జానపద గాయకుడు వుడీ గత్రీ దుమ్ము తుఫానుల బాధితుల పాటలను సంపుటిగా తెచ్చాడు. వాటిని కలిపింది స్వరకర్త పేరు, ఇతివృత్తం. సినాత్రా సంపుటిలో ఎనిమిది పాటలకు రచయితలు వేరు, సందర్భాలు వేరు; ఏకం చేసింది ఒకే మనఃస్థితి, ఒకే వాద్యపు రంగు, ఒకే నడక. సంగీతం తెలిసిన మనం దానిని ఒకే రసం అనవచ్చు. 1955 నాటి సినాత్రా ఆల్బమ్ ‘ఇన్ ద వీ స్మాల్ అవర్స్’కు బీజం ఇక్కడే ఉందని నేను భావిస్తాను.

అమెరికన్ సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్ ఎక్కువగా అమ్ముడయ్యే ఆల్బముల పట్టిక ప్రారంభించి అప్పటికి ఏడాదే అయింది. అందులో ఇది ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1948లో కొలంబియా నిమిషానికి 33⅓ చుట్ల లాంగ్ ప్లే రికార్డును తెచ్చినప్పుడు, 10 అంగుళాల పాపులర్ సంగీత వరుసలో సీఎల్ 6001 అనే తొలి సంఖ్య వేసినది ఈ ఎనిమిది పాటలకే. అంతకుముందు మూడు నిమిషాలకొకసారి పాట ఆగి, సూది గరగరలాడి, ప్లేటు మార్చవలసి వచ్చేది. ఇప్పుడు నాలుగు పాటలు ఆగకుండా సాగాయి. ఆ కొత్త రికార్డు వినైల్‌తో చేసినది. లక్కతో దానికి పని లేదు.