ఆ నవ్వు గురించి మాట్లాడాలి

అధ్యక్షులకు, ప్రిన్సిపాల్ గారికి, మాక్ పార్లమెంటుకు సిద్ధమై కూర్చున్న పిల్లలకు నమస్కారం. ఇంకా చాలామందిని పేరుపేరునా తలుచుకోవాలి, మన్నించండి. టైమ్ తక్కువ.

ప్రశ్నోత్తరాల సమయం గురించి చెప్పమన్నారు. నోటీసు ఎలా ఇవ్వాలో, అనుబంధ ప్రశ్న ఎప్పుడు వేయాలో మీ కాగితాల్లో ఉంది. నేను బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు కీర్ హార్డీ గురించి చెబుతాను.

ఆయన స్కాట్లాండులో పదేళ్లకే బొగ్గుగనిలోకి దిగాడు. చీకట్లో ఒక్కడే కూర్చుని, గాలి కోసం పెట్టిన తలుపు తీస్తూ వేస్తూ ఉండాలి, అదీ పని. 1900లో వేల్స్‌లోని మెర్థర్ టిడ్విల్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు మళ్లీ గెలిచాడు. 1906లో కార్మికుల పార్టీ అయిన లేబర్‌కు చెందిన 29 మంది సభ్యులకు నాయకుడయ్యాడు. అయినా ఎక్కడ చూసినా ఆయన టోపీ గురించే రాస్తారు. 1892లో మొదటిసారి సభకొచ్చినప్పుడు అందరిలా సిల్కు టోపీ పెట్టుకోలేదట! నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆయన అడిగిన ప్రశ్నలు చదవండి బాబూ!

1909 సెప్టెంబరు. ఓటు హక్కు అడిగి జైలుకెళ్లిన ఆడవాళ్లు బర్మింగ్‌హామ్ జైల్లో నిరాహార దీక్ష పట్టారు. వాళ్లను కదలకుండా పట్టుకుని, గొట్టం కడుపులోకి దింపి, తిండి పోయించారు. వెనక వరుసలో వాళ్లు కాస్త ఫోన్లు పక్కన పెట్టండి, ఇది వినాలి. హార్డీ లేచి దీని గురించి అడిగాడు. అది వైద్యమేనని ప్రభుత్వం జవాబిచ్చింది. సభలో నవ్వులు! పెద్దమనుషులు, చదువుకున్నవాళ్లు, ఇళ్లలో అక్కచెల్లెళ్లున్నవాళ్లు నవ్వారు. చెవులారా వినకపోతే నమ్మేవాణ్ణి కాదంటూ హార్డీ పత్రికకు ఉత్తరం రాశాడు.

సభ ఆయన మీద విరుచుకుపడటం కొత్త కాదు. 1894 జూన్‌లో వేల్స్‌లోని సిల్ఫినిడ్ గనిలో పేలుడు జరిగి దాదాపు 290 మంది పోయారు. అదే రోజు రాజకుటుంబంలో మగబిడ్డ పుట్టాడు. సభ అభినందన తీర్మానం పెట్టింది. చనిపోయినవాళ్లకు సంతాపం కూడా చేర్చమన్నాడు హార్డీ. కుదరదన్నారు. ఆయన ఒక్కడే నిలబడి ఎదురు మాట్లాడుతుంటే సభంతా అరుపులు.

1894లోనూ అంతే, 1909లోనూ అంతే. ఓడిపోతానని తెలిసే లేచాడు. బ్రిటన్ ఆడవాళ్లలో కొందరికి ఓటు వచ్చింది 1918లో, ఆయన పోయిన మూడేళ్లకు. ఆయన ఎన్ని బిల్లులు గెలిపించాడని లెక్కేసేవాళ్లకు ఈ పని కనబడదు.

నియమాలు చెప్పనేలేదు, గంట కొట్టేస్తున్నారు. గ్యాలరీలో కూర్చునే పిల్లలకు ఒక్క మనవి. కాసేపట్లో మీ క్లాస్‌మేట్ ఎవరో లేచి, గొంతు వణుకుతూ ప్రశ్న అడుగుతారు. దయచేసి నవ్వకండమ్మా.